ఐలావ్ శవాలతో లూవ్ర్‌లో నా కాపీ పని

పారిస్‌లో పెయింటింగ్ చదువుతున్నప్పుడు, లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని అక్కడి చిత్రాన్ని కాపీ చేసుకునే పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాను. ఏ చిత్రమో ముందే రాయాలి. ఆంత్వాన్-జాన్ గ్రో 1808లో ప్రదర్శించిన 'ఐలావ్ యుద్ధభూమిలో నెపోలియన్' అని రాశాను. అయిదు మీటర్ల పైచిలుకు ఎత్తు, ఎనిమిది మీటర్లకు దగ్గరగా వెడల్పు. మొత్తం దించడం నావల్ల అయ్యే పని కాదు కాబట్టి, కింద శవాలున్న మూల మాత్రమే అడిగాను. పర్మిట్ చేతికొచ్చేదాకా టెన్షనే. నిబంధనలు కచ్చితం: కాపీ అసలు సైజులో ఉండకూడదు, చిత్రకారుడి సంతకం దించకూడదు. కాన్వాసు నిలబెట్టే ఈజిల్ మాత్రం వాళ్లే ఇస్తారు.

1807 ఫిబ్రవరి 8న తూర్పు ప్రష్యాలో రష్యన్లతో జరిగిన ఆ యుద్ధంలో వేలమంది పోయారు, గెలుపు ఎవరిదో తేలలేదు. అందుకే మ్యూజియం డైరెక్టర్ డెనాన్ చిత్రకారులకు పోటీ పెట్టాడు. మర్నాడు చక్రవర్తి నెపోలియన్ యుద్ధభూమికి వచ్చి గాయపడినవాళ్లను చూస్తున్న ఘట్టమే వేయాలన్నది షరతు. ఒకరకంగా సర్కారీ ప్రచారమే. గెలిచిన గ్రో ఐలావ్‌కి వెళ్లినవాడు కాదు గానీ, 1800లో ఇటలీలోని జెనోవా నగరం ముట్టడిలో చిక్కుకుని ఆకలిచావులు చూసినవాడు.

పనిలో దిగాక మంచు దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. దూరం నుంచి తెల్లగా కనిపించేది, దగ్గరికెళ్తే బూడిద, మట్టి రంగుల ముద్ద. గడ్డకట్టిన ఒంటి మీద ఆకుపచ్చ ఛాయ పలచగా వేసి, అది ఆరాక బట్టల మీది మంచుని పొడిబ్రష్‌తో తాకించాలి. ఒక్క పూత ఎక్కువైతే శవం కాస్తా సున్నం కొట్టిన బొమ్మ అయిపోతుంది.

స్టూలు మీద కూర్చుంటే నెపోలియన్ ఎక్కడో పైనుంటాడు, మనిషికంటే పెద్ద శవాలు మాత్రం మన మొహానికి ఎదురుగా ఉంటాయి. నా కాన్వాసు చూసి "మరి నెపోలియన్ ఏడీ?" అని అడిగినవాళ్లు బోలెడుమంది. ఈ చిత్రం చూశాకే నెపోలియన్ గ్రోకి లెజియన్ ఆఫ్ ఆనర్ అనే ఫ్రెంచి పురస్కారం ఇచ్చాడు. బహుశా తన దయగల మొహమే చూసుకుని ఉంటాడు!

తర్వాత వెర్సాయ్ ప్యాలెస్‌లో ఒరాస్ వెర్నే వేసిన 'స్మాలా' చూశాను, అల్జీరియాలో ఫ్రెంచి సైన్యం ఒక శిబిరాన్ని పట్టుకున్న యుద్ధచిత్రం. ఇరవై మీటర్లు దాటిన పొడవు, ఎటు చూసినా గుర్రాలూ దుమ్మూ హడావిడీ. నాకైతే ఎక్కడా నొప్పి కనిపించలేదు.

చివర్లో మ్యూజియం వాళ్లు నా కాన్వాసు కొలిచి, వెనక ముద్ర వేసి పంపించారు.