కొంగు ముడి

ఆగస్టు మూడో వారం. బరంపురం పెద్దాసుపత్రిలో అమ్మకి తుంటి ఎముక ఆపరేషన్ జరిగి తొమ్మిది రోజులైంది. విశాఖపట్నం నుంచి వచ్చిన అక్క ఉన్నన్నాళ్లూ బట్టల సంగతి నాకు తెలియనే లేదు. తెల్లవారకుండానే ఉతికేసి, మేం అద్దెకి తీసుకున్న గదిలో ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తాడు కట్టి ఆరేసేది. ఆదివారం అక్క వెళ్లిపోయింది. సోమవారం వాన పట్టుకుంది. సముద్రం దగ్గర ఊరు కదా, వాన తెరిపిచ్చినా గాలిలో తడి పోదు. మంగళవారం సాయంత్రానికి తాడు మీది బట్టలు చెమ్మ ఆరక ముక్కవాసన వేస్తున్నాయి. కింద బకెట్‌లో ఇంకో నాలుగు చీరలు, లంగాలు, రెండు దుప్పట్లు, నా చొక్కాలు. నైటీ వేసుకోమంటే అమ్మ వినదు. పడుకుని ఉన్నా సరే, చీరే చుట్టమంటుంది. ఆ నాలుగింటిలో రెండు చీరలకి కట్టు దగ్గర నుంచి కారిన రక్తం అంటుకుంది.

నాకు 49 ఏళ్లు. పర్లాకిమిడిలో ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తాను. అమ్మ చీర ఉతకాల్సి రావడం ఇదే మొదటిసారి.

ఇంటి ఓనరమ్మని మేం మౌసీ అంటాం. సందు చివర హాస్టల్ పిల్లలు వెళ్లే మెషీన్ల కొట్టు ఉందని, గంటన్నరలో ఆరిన బట్టలతో వచ్చేయొచ్చని ఆవిడే చెప్పింది. అన్నీ గోనెసంచిలో కుక్కుకుని, గొడుగు వేసుకుని వెళ్లాను.

లోపల మనిషి లేడు. గోడకి ఒక కెమెరా, వరసగా గుండ్రటి అద్దం తలుపులున్న నాలుగు మెషీన్లు, వాటి పైన ఆరబెట్టేవి రెండు. ఏం చెయ్యాలో ఒడియాలో, ఇంగ్లీషులో గోడ మీద రాసి ఉంది. ఒడియా నాకు చిన్నప్పటి నుంచీ వచ్చినదే, చదవగలను. కానీ చదివినకొద్దీ టెన్షన్ పెరిగింది. ఎన్ని డిగ్రీలు, ఏ బట్టకి ఏ నంబరు, సబ్బు ఏ అరలో, డబ్బు ముందా తర్వాతా. ఆస్పత్రి బట్టలు కాబట్టి క్రిములు చావాలని 60 డిగ్రీల మీద వేలు పెట్టబోయాను. అదే సమయంలో మా ఆవిడ ఫోన్ చేసింది. ఆమెతో తెలుగులో మాట్లాడుతుంటే వెనక బెంచీ మీద కూర్చున్న అమ్మాయి లేచి వచ్చింది. ఇచ్ఛాపురం అమ్మాయట, ఇక్కడ నర్సింగ్ చదువుతోంది.

"అంకుల్, వేడినీళ్లు పెట్టకండి. రక్తం మరక వేడికి పట్టేస్తాది. ముందు చన్నీళ్లలో జాడించండి."

గుడ్డు ఉడికితే గట్టిపడినట్టే, రక్తంలో ఉండే ప్రోటీన్ వేడి తగిలితే నూలు పోగుల్లో బిగుసుకుపోతుందని చెప్పింది. మూల తొట్టి ఉంది. నిలబడి ఆ రెండు చీరలూ జాడించాను. మొదటిసారి నీళ్లు ఎర్రగా దిగాయి. రెండోసారి లేత గులాబీ. మూడోసారి కూడా పూర్తిగా తేటపడలేదు. నాలుగోసారికి తేటపడ్డాయి. అమ్మ ఒంట్లోంచి అంత రక్తం పోయిందని అప్పుడు తెలిసింది నాకు. వార్డులో కట్టు మార్చేటప్పుడు నన్ను బయటికి పంపేస్తారు కదా.

ఆ తొట్టి దగ్గరే మా వీధిలో బట్టలు ఉతికిన ఆమె గుర్తొచ్చింది. పిల్లలమందరం ఆమెని అత్తా అనేవాళ్లం. మూటలు గాడిద మీద వేసుకుని మహేంద్రతనయ ఏటికి తీసుకెళ్లేది. నల్లజీడి గింజ రసంతో ప్రతి బట్ట మూలా గుర్తు పెట్టేది. ఆ రసం గాలికి నల్లబడి ఎన్ని ఉతుకులైనా పోదు. మా ఇంటి గుర్తు రెండు చుక్కలు, ఒక గీత. ఉబ్బకి వేసే ముందు, అంటే సోడా వేసి బాన మీద ఆవిరికి ఉడికించే ముందు, కొన్ని బట్టల్ని ఆమె వేరుచేసి ఏటి నీళ్లలో చాలాసేపు నాననిచ్చేది. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. నర్సింగ్ చదివే అమ్మాయి చెప్పిన మాట ఆమెకి బడికి వెళ్లకుండానే తెలుసు. 2004లో మా నాన్న నాలుగు నెలలు మంచం మీద ఉన్నప్పుడు ఆ పక్కబట్టలన్నీ ఆమే పట్టుకెళ్లింది. ఒక్కరోజు కూడా ముక్కు మూసుకోలేదు, ఒక్క మాట అనలేదు. మేం నెలకి ఇంత అని డబ్బులు, పండక్కి చీర ఇచ్చి ఊరుకున్నాం. ఎవరం ఆమెని కూర్చోబెట్టి, అత్తా, నీకు కష్టంగా లేదా అని అడగలేదు. ఇప్పుడు ఆమె లేదు. కొడుకు బస్టాండ్ దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. ఊరికి వెళ్లగానే అతన్ని కలిసి ఈ మాట చెప్పాలి.

ఆ తర్వాత పని ఆ అమ్మాయి చెప్పినట్టే చేశాను. ఎర్ర అంచు చీర కొనని తడిపి తెల్ల రుమాలు అద్ది చూశాం, రంగు దిగలేదు. డిశ్చార్జ్ రోజున కట్టుకుంటానని అమ్మ పట్టుబట్టి తెప్పించుకున్న బరంపురం పట్టుచీర కూడా నా సంచిలోకి వచ్చేసింది. దాన్ని చూడగానే "అయ్యో, పట్టు వద్దంకుల్" అని తీసి పక్కన పెట్టేసింది. నూలు చీరలని అలాగే వేస్తే అయిదున్నర మీటర్ల గుడ్డ తాడులా పురి తిరిగి మిగతా వాటికి చుట్టుకుంటుందట. మడిచి వేసుకోమని తన నెట్ సంచులు రెండు ఇచ్చింది. డ్రమ్ము ముప్పావు వంతు కంటే నింపకూడదు, పైన ఖాళీ ఉంటేనే బట్టలు లేచి పడతాయి, మురికి వదిలేది ఆ పడటంలోనే. సర్ఫ్ కూడా రెండు చెంచాలే. నురగ ఎక్కువైతే జాడింపు నీళ్లకి పోదు, బట్టలో ఉండిపోతుంది. ఆపరేషన్ అయిన ఒంటికి అది దురద పెడుతుంది. ఈ చివరి మాట నాకు చాలా ఉపయోగపడింది. నేనైతే గుప్పెడు వేసేవాణ్ని.

ఫోన్‌లో 120 రూపాయలు కట్టగానే తలుపు టక్కుమని పడి నీళ్లు వచ్చాయి. డ్రమ్ము ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి. అద్దంలోంచి అమ్మ చీర అంచు కనబడి మాయమవుతోంది. 38 నిమిషాలు. కూర్చుని ఇలాంటి కొట్లు ఎప్పుడు మొదలయ్యాయో ఫోన్‌లో వెతికాను. 1934లో అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్‌వర్త్ ఊళ్లో నాలుగు కరెంటు మెషీన్లు పెట్టి గంట లెక్కన అద్దెకిచ్చారట. సొంతంగా మెషీన్ కొనుక్కోలేని రోజులవి. మా పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది 1936లో, దానికి రెండేళ్ల తర్వాత. ఇది మా దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

అంతలో మెషీన్‌లోంచి టింగు టింగుమని చప్పుడు. మరమేదో ఊడిపోయిందని భయపడ్డాను. ఆ అమ్మాయి చెవి పెట్టి విని, "నాణెం అంకుల్, జేబులు చూసుకున్నారా?" అంది. నా జేబులన్నీ చూసుకునే వేశాను. చూడనిది అమ్మ కొంగు. నడుస్తుండగా తలుపు తెరుచుకోదు, నీళ్లు దిగేదాకా ఆగాల్సిందే. ఆ ఇరవై నిమిషాలూ నా ప్రాణం ఆ చప్పుడు మీదే ఉంది.

తలుపు తెరిచి చూస్తే కొంగు ముడి సగం వదులై ఉంది. పసుపు గుడ్డ ముక్కలో ఒక రూపాయి బిళ్ల అలాగే ఉంది, విడిగా ఇంకో అయిదు రూపాయల బిళ్ల. ముడుపు. పాతపట్నం నీలమణి దుర్గమ్మకి కట్టుకుంది. నడిచి గుడికి వస్తానని మొక్కుకున్నట్టుంది, మాకెవరికీ చెప్పలేదు. పసుపు రంగు దుప్పటి మూలకి కాస్త అంటింది. అంటితే అంటింది.

ఆరబెట్టే మెషీన్‌కి 60 రూపాయలు. వేసే ముందు దాని జల్లెడకి అట్టకట్టిన నూగుని ఆ అమ్మాయి వేలితో ఒలిచి పారేసింది, అది అడ్డుంటే వేడిగాలి బయటికి పోదట. చీరలని తక్కువ వేడి మీద పెట్టి, కాస్త చెమ్మ ఉండగానే తీసి దులిపి మడత పెట్టించింది. రెండు చివరలూ పట్టుకుని ఇద్దరం మడతపెట్టాం. పేరు అడగడం మర్చిపోయాను. "మా అమ్మమ్మకీ తుంటే విరిగింది అంకుల్, ఆర్నెల్లకి నడిచింది" అని చెప్పి వానలోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న నర్సు సాయంతో అమ్మకి ఎర్ర అంచు చీర చుట్టాను. ముడుపు మళ్లీ కొంగుకి కట్టి చేతిలో పెడితే తడిమి చూసుకుంది, ఏమీ అనలేదు. కాసేపాగి చీర కొన ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఎవరుతికేర్రా?"

"నేనే అమ్మా."

కొంగుని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"మెత్తగుంది. గంజెట్టలేదేటి?"

ఆ మధ్యాహ్నం మౌసీ అన్నం వార్చే వేళకి గిన్నె పట్టుకుని వెళ్లాను. ఒడియాలో గంజిని పేజ అంటారు. పేజ కావాలంటే ఎవరికని అడగలేదు, చల్లారబెట్టి వడకట్టి ఇచ్చింది.