వానలు తగ్గాక బడి కెమెరాలు ఒకసారి చూడండి

అమలాపురం, రాజోలు వైపు బడుల్లో సీసీ కెమెరా ఆగిపోతే చాలామంది ముందు కెమెరానే మార్చేస్తారు. దండగ ఖర్చు. ఈ తేమకి, ఉప్పుగాలికి ముందు పోయేవి బీఎన్‌సీ కనెక్టర్ (వీడియో వైరు కొసన ఉండేది), డీసీ పిన్ను (కెమెరాకి కరెంటు ఇచ్చేది). పచ్చగా చిలుం పట్టి ఉంటే కోసేసి కొత్తవి వేయండి. వైరు బాక్సులోకి కింది నుంచి ఎక్కేలా వంపు ఇవ్వండి. పైనుంచి దించితే వాన నీళ్లు వైరు వెంటే లోపలికి దిగుతాయి.

పగలు బాగుండి, రాత్రి బొమ్మ పోతూ వస్తూ ఉందా? చీకటి పడ్డాక కెమెరాలోని ఐఆర్ లైట్లు (చీకట్లో బొమ్మ కోసం వెలిగే, కంటికి కనపడని లైట్లు) వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి, పొడవాటి సన్న వైర్లో వోల్టేజీ పడిపోతుంది. అందుకే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టాల్సింది రాత్రిపూట, కెమెరా చివర, కెమెరా నడుస్తుండగా. 12 వోల్టులకి 11 కూడా రాకపోతే దగ్గర్లోనే విడిగా అడాప్టర్ ఇవ్వండి.

లైవ్‌లో బొమ్మ వస్తోందని నమ్మకండి, వారం కిందటి ఫుటేజీ తెరిచి చూడండి. 8 కెమెరాలు, ఒక్కోటి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) చొప్పున రికార్డయితే రోజుకి సుమారు 173 జీబీ. 2 టీబీ డిస్కు 11 రోజులకే నిండి పాతది చెరిగిపోతుంది. సీబీఎస్‌ఈ బడుల్లో కనీసం 15 రోజులది ఉండాలి కాబట్టి 4 టీబీ తీసుకోండి. కరెంటు పోయినప్పుడల్లా డీవీఆర్ (ఫుటేజీ రికార్డు చేసే పెట్టె) తేదీ మారిపోతుంటే లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే, వెంటనే మార్చండి.