బీబీసీ తొలినాళ్ల టీవీలో షా ముక్కోణపు నాటిక

ముప్ఫై ఏడేళ్ల భార్య, ఆమె మీద కవిత్వం రాసే పద్దెనిమిదేళ్ల కుర్రాడు, ఆ కవిత్వం చేతికి చిక్కిన భర్త. బెర్నార్డ్ షా 1904లో రాసిన 'హౌ హి లైడ్ టు హర్ హస్బెండ్' (ఆమె భర్తకి అతను ఎలా అబద్ధం చెప్పాడు) ఏకాంకికలో ఉన్నది ఈ ముగ్గురే. లండన్ క్రామ్‌వెల్ రోడ్డులో ఓ ఫ్లాటు, రాత్రి ఎనిమిది గంటలు, మొదటి నుంచి చివరిదాకా అదే గది. మన పరిషత్తు నాటికలు చూసేవాళ్లకు ఈ కొలత బాగా తెలుసు. 1937లో బీబీసీ దీన్ని లండన్‌లోని తన టీవీ స్టూడియోలున్న అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి ప్రసారం చేసింది. భార్య అరోరాగా వేసింది నటి గ్రీర్ గార్సన్, హాలీవుడ్‌కి వెళ్లకముందు.

ఒకే సెట్టు, ముగ్గురే నటులు కాబట్టి టీవీకి సులువు అనిపిస్తుంది. ఖర్చుకి, స్థలానికి సులువే. స్టూడియో సుమారు 70 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. హాస్యానికి మాత్రం సులువు కాదు.

చిక్కు ఎమిట్రాన్ అనే అప్పటి బీబీసీ టీవీ కెమెరాతో. దానికి వెలుతురు విపరీతంగా కావాలి. ఎన్ని లైట్లు పెట్టినా చాలదు కనుక లెన్సు బాగా తెరిచి ఉంచాలి. అలా తెరిస్తే ఫోకస్ నిలిచే లోతు తగ్గిపోతుంది, నటుడు గీత దాటి ఓ అడుగు ముందుకొస్తే మొహం మసకబారుతుంది. ఇద్దరు ముందు, ఒకరు వెనక నిలబడితే ఎవరో ఒకరే స్పష్టంగా కనిపిస్తారు. ముక్కోణపు కథలో నవ్వు పుట్టేది మాట్లాడుతున్నవాడి దగ్గర కాదు, వింటున్న మూడో మనిషి మొహంలో. రంగస్థలం మీద ప్రేక్షకుడు ఆ మొహాన్ని తనే వెతుక్కుంటాడు. ఇక్కడ కెమెరా చూపించాలి.

పోనీ రెండో కెమెరాకి మారదామా అంటే, టక్కున మారే వీలు లేదు. ఒక బొమ్మ కరుగుతూ ఇంకోటి తేలడానికి కొన్ని సెకన్లు పట్టేది. మాట విసిరాక మారడం మొదలుపెడితే భర్త మొహం వచ్చేసరికి నవ్వు చల్లారిపోతుంది. అందుకే మాటకు ముందే మార్పు మొదలవ్వాలి, నటుడు ఆ సెకన్లు లెక్కపెట్టుకుని నోరు తెరవాలి. అంతకన్నా నమ్మకమైన పద్ధతి ముగ్గురినీ కెమెరాకి సమాన దూరంలో, సోఫా చుట్టూ దగ్గరగా సర్దడం. రంగస్థలం దృష్టితో చూస్తే అది ఇరుకు. టీవీ తెర మీద సహజంగానే ఉంటుంది.

ఈ నాటికలో అసలు పరీక్ష అబద్ధం ఘట్టం. ఆ పద్యాలు మీ ఆవిడ మీద కాదు, ఉషోదయ దేవత అరోరా మీద రాశానంటాడు కుర్రాడు. భర్త ఊపిరి పీల్చుకోడు సరికదా, మా ఆవిడ నీ కంటికి ఆనలేదా అని మండిపడతాడు! మాట పెరిగి పెనుగులాట అవుతుంది. ఇక్కడ దగ్గరి షాట్లకి పోతే మిగిలేది మసక చేతులే. దూరపు షాట్ పెట్టి కదలకుండా ఉండటమే మేలు.

రికార్డింగ్ అప్పటికి లేదు. పునఃప్రసారం కావాలంటే నటులు మళ్లీ వచ్చి మొత్తం ఆడాల్సిందే.

కుర్రాడు నిజం ఒప్పుకున్నాక భర్త మురిసిపోయి, పద్యాలు అచ్చు వేయిస్తానంటాడు. పుస్తకానికి ఏం పేరు పెడదామని అడిగితే కుర్రాడు చెప్పే జవాబే నాటిక పేరు. ఆ చివరి మాటకి కెమెరా ముందే అతని మీద ఉండాలి, భర్త ప్రశ్న గొంతుగా వినిపిస్తే చాలు.