రాసేశాక కాదు, రాయకముందే అడగాలి

రెండేళ్ళ కిందట మా వాలంటీర్ల గ్రూపులో పనుల వంతులు మార్చాలని ముగ్గురం కూర్చుని మూడు వారాలు తంటాలు పడి ప్రపోజల్ రాశాం, ఆరు పేజీలు, పట్టికలతో సహా. మా దగ్గర ఓటింగ్ ఉండదు, అందరూ సరే అంటేనే ఏదైనా కదులుతుంది. మీటింగ్‌లో కాగితాలు పంచాం, ఎవరూ ఏం మాట్లాడలేదు. ఒకావిడ మాత్రం కాగితం మూల మడతపెడుతూ విప్పుతూ చాలాసేపు ఉండి "అంతా రాసేసుకున్నాక ఇప్పుడు మమ్మల్నేం అడుగుతున్నారండీ?" అన్నారు. వాళ్ళమ్మగారు మంచం మీద ఉన్నారట, సాయంత్రం ఆరు దాటితే ఈవిడ ఇల్లు కదల్లేరు, మేం వేసిన వంతుల్లో సగం రాత్రివే. మా ముగ్గురిలో ఒక్కరికీ ఆ సంగతి తెలీదు. ఒక్క ఫోన్ చేసుంటే తెలిసేది.

అప్పట్నుంచీ నాకు ఇదే పట్టుకుంది. డ్రాఫ్ట్ ఎంత నీట్‌గా తయారైతే ఎదుటివాళ్ళకి నోరు విప్పడం అంత కష్టం, రాసినవాళ్ళకి దాన్ని మార్చడం ఇంకా కష్టం, దాంతో మొదట్లో మామూలు ప్రశ్నగా రావాల్సింది కాస్తా చివర్లో అభ్యంతరంగా వచ్చి కూర్చుంటుంది. దీనికి ఉల్టాగా చేసినవాళ్ళున్నారు: 1969 ఏప్రిల్‌లో అర్పానెట్ (ఇంటర్నెట్‌కి ముందొచ్చిన కంప్యూటర్ల నెట్‌వర్క్) కోసం స్టీవ్ క్రాకర్ అనే విద్యార్థి మొదలుపెట్టిన నోట్స్‌కి 'రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్' అనే పేరు, అంటే మీ మాట కూడా చెప్పండి అని. ఒక్క వాక్యమున్నా నోట్ కిందే లెక్క అని మూడో నోట్‌లోనే రాసుకున్నారు, పూర్తిగా తేలని ఆలోచనైనా సరే ముందు బయట పెట్టమని. నాకు భలే నచ్చింది ఆ పద్ధతి.

ఇప్పుడు మేం అరపేజీ రాస్తాం, అందులోనూ సమస్య మాత్రమే, పరిష్కారం ఉండాల్సిన చోట ఖాళీ వదిలేస్తాం. దాన్ని ముందుగా ఎవరికి ఎక్కువ ఇబ్బందో, ఎవరు కాదంటారని భయమో వాళ్ళ దగ్గరికే తీసుకెళ్తాం. "మీకు ఓకేనా?" అని అడగం, అలా అడిగితే మొహమాటానికి ఓకే అనేస్తారు, "దీనివల్ల మీకేం ఇబ్బంది?" అని అడుగుతాం. తర్వాత ఏం మార్చామో, ఏది ఎందుకు మార్చలేదో వాళ్ళకి తిరిగి చెప్తాం, ఇది మాత్రం తప్పకుండా చెయ్యాలి, లేదంటే ఇంకోసారి ఎవరూ మనసులో మాట చెప్పరు. లోపల్లోపల నిర్ణయించేసుకుని పైకి అడగడం కన్నా అసలు అడక్కపోవడమే నయం.

వంతుల ప్రపోజల్ మళ్ళీ మొదట్నుంచీ అలాగే చేశాం. ఆవిడే ఉదయం వంతులు కొన్ని ఎక్కువ తీసుకుంటానన్నారు. ఒకాయన "నాకు నచ్చలేదు, కానీ అడ్డుపడను" అన్నారు, ఎందుకు నచ్చలేదో కూడా ఆయన మాటల్లోనే మినిట్స్‌లో రాశాం.