గుంటూరులో లెక్చరర్ పోస్టు: నారుకుళ్ళు దగ్గర ఆపేసిన నా డెమో క్లాసు

గుంటూరులో ఒక ఇంటర్ కాలేజీకి బోటనీ లెక్చరర్ పోస్టు కోసం వెళ్లాను. డెమో నిన్ననే అయింది, మంట ఇంకా తగ్గలేదు. మన సబ్జెక్టు వాళ్లెవరైనా ఇలాంటి డెమోకి వెళ్తుంటే పనికొస్తుందని రాస్తున్నాను.

రెజ్యూమే వాట్సాప్‌లో పంపితే సాయంత్రానికే పిలుపొచ్చింది. రాత పరీక్షలో అన్నీ నీట్ స్థాయి బిట్లే. వచ్చినవాళ్లలో నాదే ఫస్టు మార్కు.

డెమోకి ఇచ్చిన అంశం ప్రొటిస్టా, అంటే ఎక్కువగా ఏకకణ జీవులుండే గుంపు. ముందు డీన్ గారు, సీనియర్ లెక్చరర్ ఒకాయన, వెనక బెంచీల్లో ఫస్టియర్ పిల్లలు. 1866లో హెకెల్ ఈ పేరు పెట్టడం, 1969లో విట్టేకర్ జీవులన్నిటినీ ఐదు రాజ్యాలుగా విడదీసి దీన్నొకటి చేయడం చెప్పాను. యూగ్లీనా అనే ఏకకణ జీవి బొమ్మ వేసి, వెలుతురులో సొంతంగా ఆహారం చేసుకునేది చీకట్లో బయటి ఆహారం మీద ఎలా బతుకుతుందో వివరించాను. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో చూసిన మలేరియా పరాన్నజీవి కూడా ప్రొటిస్టే అనగానే పిల్లలు తలెత్తి చూశారు. అంతవరకూ బాగానే ఉంది.

ఇవన్నీ ఒకే వంశం కావని, నిజకేంద్రకం (పొర చుట్టిన కేంద్రకం) ఉండి మొక్క, జంతువు, శిలీంధ్రం ఈ మూడింట్లోనూ ఇమడని వాటినన్నిటినీ ఒకచోట చేర్చారని చెప్పి, మిరప నారుమడి ఉదాహరణ తీసుకున్నాను. మాది మిరప వేసే ఊరు. నారు మొదలు దగ్గర మెత్తబడి, తెల్లారేసరికి గుంపులు గుంపులుగా వాలిపోవడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఈ నారుకుళ్ళు తెగులుకి ఎక్కువగా కారణం పితియం అనే సూక్ష్మజీవి. చూడ్డానికి బూజులాగే ఉంటుంది కానీ శిలీంధ్రం కాదు. శిలీంధ్రాల కణకవచంలో కైటిన్ అనే పదార్థం ఉంటే దీనిలో మొక్కల్లోలా సెల్యులోజ్ ఉంటుంది. దీని చుట్టాలు నీళ్లలో ఉండే డయాటమ్‌లనే ఏకకణ జీవులు, గోధుమరంగు శైవలాలు (నాచులు). దీని సిద్ధబీజాలు కశాభాలనే తోకల్లాంటి పోగులతో నీళ్లలో ఈదుతాయి, అందుకే మడిలో నీరు నిలిస్తే తెగులు పాకుతుంది.

అక్కడ ఆపేశారు. "ఏమ్మా, నారుకుళ్ళు ఫంగస్ కాదా? మేమూ వ్యవసాయం చేసినవాళ్లమే" అన్నాడు సీనియర్. నేను జవాబు చెప్పేలోపే డీన్ గారు, "పుస్తకంలో లేనిది మాకెందుకు? బోర్డు తుడిచి మొదటి నుంచి చెప్పండి, ఈసారి మార్కులొచ్చేది మాత్రమే" అన్నారు. పిల్లలు నవ్వారు. వాళ్లందరి ముందు నా బొమ్మ నేనే తుడవాల్సి వచ్చింది. చెవులు కాలిపోయాయి.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆల్బుగో అనే సూక్ష్మజీవి ఇప్పటికీ శిలీంధ్రాల కిందే ఉంది, నిజానికి అదీ పితియం ఉన్న గుంపుదే. పరీక్షలో పుస్తకం ప్రకారమే రాయాలి, కాదనను. కానీ మిరప రైతుల పిల్లలకు క్లాసులో నిజం చెప్పకపోతే ఎలా? శిలీంధ్రాలకు వాడే కార్బెండజిమ్ మందు పితియం మీద పనిచేయదు, మెటలాక్సిల్ పనిచేస్తుంది. వర్గీకరణ తప్పితే మందు తప్పుతుంది, డబ్బూ నారూ రెండూ పోతాయి. నాన్న అలా పోగొట్టుకున్నవారే.

బయటికొస్తుంటే వరండాలో ఒకబ్బాయి వెనకే వచ్చాడు. "మేడమ్, ఆ మందు పేరు మళ్లీ చెప్పండి" అని చేతి మీద రాసుకున్నాడు.

డెమోకి వెళ్లేవాళ్లు అంశం ఇవ్వగానే, పుస్తకం దాటి చెప్పొచ్చా లేదా అని ముందే అడగండి. పిల్లల్ని కూర్చోబెడతారేమో కూడా కనుక్కోండి. "మేమూ వ్యవసాయం చేశాం" అనే సీనియర్‌తో వాదన పెట్టుకోకండి, టైమ్ అంతా ఆయనే తినేస్తాడు.

ఇంత చేసి, రాత్రి ఫోన్ చేసి సెలక్టయ్యారన్నారు. జీతం ముందు అనుకున్నదానికంటే తక్కువ, పైగా ఏడాది పాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉండాలట. రానని చెప్పేశాను. ఎవరడిగినా ఒరిజినల్స్ చూపించి, జిరాక్స్ మాత్రమే ఇచ్చి రండి.