డ్రూల్స్ మొదలుపెడుతున్నారా? రూల్స్ వరస సంగతి ముందు వదిలేయండి

రుషికొండ, మధురవాడ వైపు ఆఫీసుల్లో కొత్తగా చేరేవాళ్ళకి జావా బాగానే వచ్చు, కానీ డ్రూల్స్ (జావాలో షరతుల్ని రూల్స్‌గా రాస్తే వాటిని నడిపే ఇంజిన్) ఇస్తే మాత్రం ఎక్కువమంది మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఏ రూల్ ముందు రన్ అవుద్ది?" అని. ఆ ఆలోచన పోతే సగం డ్రూల్స్ వచ్చేసినట్టే.

వైజాగ్‌లో సరుకుల డెలివరీ యాప్ ఒకటుంది అనుకోండి. బిల్లు 1000 దాటితే డెలివరీ ఫ్రీ, గాజువాక దాటి వెళ్ళాలంటే 30 ఎక్స్‌ట్రా, తుఫాను హెచ్చరిక ఉంటే భీమిలి రూట్ బంద్. ఇఫ్ ఎల్స్‌లో రాస్తే మొదట్లో బాగానే ఉంటది, తర్వాత ఆపరేషన్స్ వాళ్ళు వారానికో మార్పు చెప్తుంటే ఒక్క షరతు కోసం మొత్తం మెథడ్ తిరగేయాలి.

డ్రూల్స్‌లో ఒక్కో షరతు ఒక్కో రూల్, డీఆర్ఎల్ అనే రూల్స్ ఫైల్లో రాస్తాం, వెన్ కింద షరతు, దెన్ కింద పని. జావా వైపు కీకంటైనర్ (మన రూల్స్ అన్నీ ఉండే డబ్బా) నుంచి కీసెషన్ (వాటిని రన్ చేసే సెషన్) తీసుకుని, బిల్లు ఆబ్జెక్ట్ ఇన్సర్ట్ చేసి, ఫైర్ఆల్‌రూల్స్ (సరిపోయిన రూల్స్‌ని ఫైర్, అంటే రన్, చేసే మెథడ్) పిలిచి, అయ్యాక డిస్పోజ్ చెయ్యడమే. ఏ డేటాకి ఏ రూల్ సరిపోతుందో ఇంజినే చూసుకుంటది. దీనికి మూలం 1970లలో చార్ల్స్ ఫోర్గీ తయారుచేసిన రీటీ అల్గోరిథం, డ్రూల్స్ 6 నుంచి దాని మీద కట్టిన ఫ్రీక్ అనే అల్గోరిథం వాడుతున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. గాజువాక రూల్‌లో "చార్జీ సున్నా కంటే ఎక్కువ ఉంటేనే 30 కలుపు" అని రాయండి. బిల్లు 1000 దాటినప్పుడు ఫ్రీ రూల్ ముందు ఫైర్ అయితే చార్జీ సున్నా అయిపోయి 30 కలవదు, వెనక ఫైర్ అయినా చివరికి సున్నానే, అంటే ఎలా తిరిగినా జవాబు ఒకటే. ఇలా రాయకుండా సేలియన్స్ (ఏ రూల్ ముందో చెప్పే అంకె) 100, 90, 80 అని పెట్టుకుంటూ పోతే మళ్ళీ ఇఫ్ ఎల్సే, కాకపోతే వేరే ఫైల్లో. నాకైతే అది అస్సలు నచ్చదు.

ఒక్క జాగ్రత్త, ఈ గాజువాక రూల్ చార్జీని చూస్తది, మోడిఫైతో (మార్పుని ఇంజిన్‌కి చెప్పే పద్ధతి) అదే చార్జీని మారుస్తది, 30 కలిపాక కూడా షరతు నిజమే కాబట్టి మళ్ళీ ఫైర్, మళ్ళీ ఫైర్, ఆగదు. రూల్‌కి నో-లూప్ (తన మార్పుకి తానే మళ్ళీ ఫైర్ కాకుండా ఆపే సెట్టింగ్) పెట్టండి, కానీ రెండు రూల్స్ ఒకదాన్నొకటి లేపుకుంటుంటే దానివల్ల ఆగదు. ఫైర్ఆల్‌రూల్స్ ఎన్ని ఫైర్ అయ్యాయో అంకె ఇస్తది, యూనిట్ టెస్టులో దాన్నీ చెక్ చెయ్యండి, గరిష్ఠంగా ఇన్నే అని లిమిట్ కూడా పంపొచ్చు.

మీ షరతులు నాలుగైదే, ఏళ్ళ తరబడి మారవు అంటే మాత్రం ఇదంతా వద్దు, మామూలు జావా చాలు.