మేనంతా కన్నయ్యే చోట

వడకర స్టేషన్‌లో రైలు దిగేసరికి తెల్లవారుజామున నాలుగున్నర. కేరళ యుద్ధవిద్య కళరిపయట్టు నేర్పే చోటే కళరి. ఆరింటికల్లా అక్కడ ఉండమన్నారు. ఉత్తర కేరళలో ఈ ప్రాంతానికి కడత్తనాడు అని పాత పేరు. ఉన్నియార్చ, తచ్చోళి ఒతేనన్‌ల వీరగాథలు ఇక్కడివే. డెబ్బయ్యేళ్లు దాటాక కూడా కత్తీ డాలూ పట్టి, 2017లో పద్మశ్రీ అందుకున్న మీనాక్షి అమ్మదీ ఈ ఊరే. నేను వెళ్లింది మాత్రం ఊరి చివర ఒక చిన్న కళరికి.

ఎనిమిదేళ్లు కరాటే నేర్చుకున్నాను. ఒకరోజు స్పారింగ్‌లో నాకంటే చిన్నవాడి ముక్కు పగలగొట్టాను. అంతకు క్షణం ముందు ఇద్దరం వంగి నమస్కరించుకున్నాం. చుట్టూ ఉన్నవాళ్లు నా వీపు తట్టారు. రక్తం ఎలా ఆపాలో మాలో ఒక్కరికీ తెలియలేదు. ఆ నమస్కారం దేనికన్న ప్రశ్నే నన్ను ఇంత దూరం తీసుకొచ్చింది.

కళరి అంటే నేలలోకి నాలుగడుగులు తవ్విన గొయ్యి. పొడవు 42 అడుగులు, వెడల్పు 21. వాకిలి తూర్పున, నైరుతి మూలన ఏడు మెట్ల పూత్తర, అంటే పూజ చేసే అరుగు. పిల్లలు కుడికాలు ముందుపెట్టి దిగి, నేలను తాకి ఆ చేతిని నుదుటికి చేర్చుకుంటున్నారు. అందరి ఒళ్లూ నూనెతో మెరుస్తోంది. గురుక్కళ్, అంటే కళరి గురువు, వాయ్‌త్తారి పలకడం మొదలుపెట్టారు. కదలికలకు నోటితో ఇచ్చే ఆదేశాలవి. 'వలతు' అంటే కుడి, 'ఇడతు' అంటే ఎడమ. ఆ పలుకుల లయ మీదే కాళ్లు నుదుటి ఎత్తుకు లేస్తున్నాయి, నడుములు నేలబారుగా వంగుతున్నాయి.

తర్వాత ఇద్దరు అబ్బాయిలు ముచ్చాణ్ అందుకున్నారు. మూడు జానల కర్ర అది. టకటకటక, కంటికి అందని వేగం. మధ్యలో చిన్నవాడి అడ్డు ఒక్కటి తప్పింది. పెద్దవాడి కర్ర వాడి కణత దాకా వచ్చి, వెంట్రుకలను తాకీ తాకకుండా ఆగిపోయింది. అంత ఊపులో వస్తున్న చెయ్యి! పెద్దవాడి ముంజేతి నరాలు ఉబ్బి కనిపించాయి. ఒక్క మాటా లేదు. ఇద్దరూ వెనక్కి జరిగి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. ఆ చెయ్యి ఆగిన తీరు ముందు నా బెల్టులన్నీ చిన్నబోయాయి.

వట్టి చేతుల పోరు ఎప్పుడు నేర్పుతారని గురుక్కళ్‌ను అడిగాను. "అన్నిటికంటే చివర్న," అన్నారు. ముందు మెయ్‌త్తారి, ఒంటిని దిద్దడం. ఆపైన కోల్‌త్తారి, కర్రలు. తర్వాత అంగత్తారి, కత్తీ బల్లెమూ. మర్మస్థానాల మీద దెబ్బతో కూడిన వెరుంకై అన్నీ అయ్యాకే. అదీ ఏళ్ల తరబడి మనిషిని చూసి, నమ్మకం కుదిరాకే. కరాటేలో మేం మొదటిరోజే పిడికిలి బిగించాం. ఇక్కడ కత్తి కంటే వట్టి చెయ్యే ప్రమాదకరం.

మధ్యాహ్నం అదే గురుక్కళ్ ఒక ముసలాయన బెణికిన భుజానికి నూనె మర్దన చేస్తూ కనిపించారు. కొట్టడం నేర్పే చేతులే కట్టు కట్టడమూ నేర్పుతాయి. ఇన్నేళ్లలో నా చేతులకు ఎవరూ నేర్పనిది ఇదే. అడిగే తెలివి నాకూ లేకపోయింది.

మర్నాడు నాకు ముచ్చాణ్ ఇచ్చి పన్నెండేళ్ల అమ్మాయి ఎదుట నిలబెట్టారు. నేలకు దండం పెట్టి లేచాను. చూపు ఆమె కర్రకు అతుక్కుపోయింది. రెండుసార్లు తప్పాను.

"చేట్టా, కణ్ణ్," అంది తన కళ్లను చూపిస్తూ. అన్నా, కన్ను అని.

పక్కనున్న గురుక్కళ్, "మెయ్య్ కణ్ణావణం," అన్నారు. ఒళ్లే కన్ను కావాలని. మలయాళమైనా నాకు తర్జుమా అక్కర్లేకపోయింది. మెయి, కన్ను రెండూ మన మాటలే.

కర్ర మీంచి చూపు తిప్పి ఆ పిల్ల కళ్లలోకి చూశాను. మూడోసారి దెబ్బ నా కణతకు వేలెడు దూరంలో ఆగింది. ఆమె రెప్ప వేయలేదు. నేను కాలు సర్దుకుని, మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను.